తెలుగులో మొదటి బ్లాగు: బ్లాగర్ ఎవరికి, వర్డ్‌ప్రెస్ ఎవరికి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తమ ఊరి చరిత్ర, బత్తాయి సాగు, గద్వాల నేత, గుడుల శాసనాలు, బడిపిల్లలకు పాఠాలు వంటి విషయాలపై సాధికారంగా రాయగలవారు చాలామంది ఉన్నారు. వారు రాసినది ఎక్కువగా ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో కనిపించి, నాలుగు రోజుల్లో కొత్త సందేశాల కిందికి వెళ్లిపోయి, ఏడాది గడిచాక రాసిన మనిషే వెతికినా దొరకకుండా పోతున్నది. 1922లోనే నీలగిరి పత్రిక వెలువడిన నల్లగొండలో ఇలా జరగడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ రోజుల్లో అచ్చుకు, కాగితానికి, పోస్టుకు పడిన శ్రమ ఇప్పుడు అక్కరలేదు. ఒక ఈమెయిలు ఖాతా, కొంత ఓపిక ఉంటే ఎవరైనా తమ వ్యాసాలకు స్థిరమైన చిరునామా ఏర్పరచుకోవచ్చు. అయితే మొదటి రోజునే ఎదురయ్యే ప్రశ్న ఏమిటంటే, ఆ చిరునామా ఎక్కడ పెట్టుకోవాలి అన్నది.

తెలుగులో రాసే కొత్తవారికి ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి. మొదటిది గూగుల్ వారి బ్లాగర్. ఇది 1999లో మొదలై, 2003లో గూగుల్ చేతికి వచ్చింది. జీమెయిల్ ఉన్న ఎవరైనా రూపాయి ఖర్చు లేకుండా ఇందులో బ్లాగు తెరవవచ్చు. రెండవది వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనే సేవలోని ఉచిత ప్రణాళిక. మూడవది వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ను మనం అద్దెకు తీసుకున్న హోస్టింగ్‌లో (సైటును ఉంచే సర్వరు స్థలంలో) స్వయంగా స్థాపించుకోవడం. చివరి రెండింటికీ పేరు ఒకటే కావడం వల్ల కొత్తవారు తరచూ పొరబడతారు. 2003లో విడుదలైన వర్డ్‌ప్రెస్ ఎవరైనా ఉచితంగా తీసుకొని వాడుకోగల సాఫ్ట్‌వేర్. 2005లో వచ్చిన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అదే సాఫ్ట్‌వేర్‌ను తమ సర్వర్లలో నడిపి మనకు అందించే ఒక కంపెనీ సేవ. యూట్యూబ్ పాఠంలో చూపిన ప్లగిన్ (అదనపు సౌకర్యాన్ని చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్) మీ డ్యాష్‌బోర్డులో, అంటే సైటును నడిపే పేజీలో, కనిపించడం లేదంటే, ఆ పాఠం మూడవ దారి గురించి చెబుతుండగా మీరు రెండవ దారిలో ఉన్నారని అర్థం.

నా సలహా ముందే చెబుతాను. ఒంటరిగా రాసుకునే వ్యక్తికి, సొంత డొమైన్ పేరు (తన పేరున నమోదు చేసుకున్న సైటు చిరునామా) జతచేసిన బ్లాగర్ చాలు. ఒక సంఘమో, బడో, నలుగురైదుగురు రచయితల బృందమో అయి, సైటు బాగోగులు చూడగల మనిషి కనీసం ఒకరు ఉంటే సొంత హోస్టింగ్‌లో వర్డ్‌ప్రెస్ మేలు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్రణాళికను మాత్రం చేయి తిరగడం కోసం వాడుకోవచ్చు గాని, రచనలను ఏళ్ల తరబడి ఉంచే చోటుగా ఎంచుకోమని చెప్పలేను. ఈ మాటలకు కారణాలు కింద వివరిస్తాను.

ముందు పేరు, తరువాతే వేదిక

కొత్తవారు ఎక్కువ సమయం థీమ్‌ల (సైటు రూపాన్ని నిర్ణయించే నమూనాల) రంగులు చూడటంలో గడుపుతారు, కాని నిజంగా ఆలోచించవలసినది చిరునామా గురించి. బ్లాగ్‌స్పాట్ చిరునామాతో మొదలుపెట్టి రెండేళ్లలో వంద వ్యాసాలు రాశారనుకుందాం. వాటి లింకులు పాఠకుల వాట్సాప్‌లలో, ఇతరుల వ్యాసాలలో, గూగుల్ వెతుకులాటలో స్థిరపడి ఉంటాయి. తరువాత మీరు వర్డ్‌ప్రెస్‌కు మారదలచుకుంటే, బ్లాగ్‌స్పాట్ చిరునామాకు వచ్చిన పాఠకుడిని బయటి సైటులోని సరైన పేజీకి సక్రమంగా మళ్లించే ఏర్పాటు బ్లాగర్‌లో లేదు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అయితే ఆ మళ్లింపు సేవకు ఏటా రుసుము తీసుకుంటుంది. అదే సొంత డొమైన్ పేరు మొదటి నుంచీ ఉంటే, వెనుక వేదిక ఏది మారినా పాఠకుడికి తెలిసిన చిరునామా మారదు.

ఇక్కడే బ్లాగర్‌కు ఉన్న పెద్ద ఆధిక్యం బయటపడుతుంది. సొంత డొమైన్‌ను జతచేసుకున్నందుకు బ్లాగర్ ఏమీ తీసుకోదు; మీరు కట్టవలసినది డొమైన్ నమోదు చేసిన కంపెనీకి మాత్రమే, అది డాట్ ఇన్ పేరుకు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో డొమైన్ జతచేయాలంటే డబ్బు కట్టే ప్రణాళికకు మారక తప్పదు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అనే పేర్లు కూడా ఉన్నాయి గాని, ఫోనులో చిరునామా టైపు చేసే అలవాటు ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాలలోనే ఉన్నందున, మొదటి పేరుగా డాట్ ఇన్ లేదా డాట్ కామ్ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

జతచేసే పని చూడటానికి భయపెడుతుంది గాని అరగంటలో అయిపోతుంది. బ్లాగర్ సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైన్ దగ్గర మీ పేరును ముందు మూడు డబ్ల్యూలతో కలిపి ఇస్తే, అది రెండు సీనేమ్ వివరాలు (డొమైన్‌ను బ్లాగర్‌కు కలిపే వరుసలు) చూపుతుంది. మొదటిది అందరికీ ఒకటే, రెండవది మీకు మాత్రమే ఇచ్చేది. ఈ రెండింటినీ డొమైన్ కొన్న కంపెనీ ఖాతాలోని డీఎన్‌ఎస్ (పేరును సర్వరుకు కలిపే అమరిక) పేజీలో ఉన్నవి ఉన్నట్టు అతికించాలి. డబ్ల్యూలు లేకుండా టైపు చేసేవారి కోసం గూగుల్ ఇచ్చే నాలుగు ఏ రికార్డులను (సర్వరు అంకెల చిరునామాలను) కూడా చేర్చి, బ్లాగర్‌లో రీడైరెక్ట్ డొమైన్ మీటను ఆన్ చేయాలి. కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు ఆగిన తరువాత హెచ్‌టీటీపీఎస్ మీటను ఆన్ చేయడం మరచిపోవద్దు. అది లేకపోతే పాఠకుడి బ్రౌజరులో మీ సైటు సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపిస్తుంది.

తెలుగు రాత దగ్గర వచ్చే తేడాలు

ఇంగ్లీషులో ఉన్న పోలికలు ఎన్ని చదివినా దొరకని విషయాలు ఇక్కడ ఉన్నాయి. తెలుగులో రాసేవారికి నా దృష్టిలో ఇవే అన్నింటికన్నా ముఖ్యమైనవి.

మొదటిది వ్యాసం లింకు. బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే, లింకు తయారుచేసేటప్పుడు అది ఆ అక్షరాలను వదిలేసి, కేవలం బ్లాగ్ పోస్ట్ అనే మాటనో, దాని వెనుక ఒక అంకెనో పెడుతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించి రాసిన వ్యాసానికీ బత్తాయి చీడల గురించి రాసిన వ్యాసానికీ లింకులో తేడా తెలియదు. వర్డ్‌ప్రెస్ ఇందుకు విరుద్ధంగా తెలుగు శీర్షికను యథాతథంగా లింకులో ఉంచుతుంది, కాని దానిని వాట్సాప్‌లో అతికించినప్పుడు శాతం గుర్తులు, అంకెలు నిండిన పొడవాటి వరుసగా మారుతుంది. ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది కనుక, ఆ వరుసకు వర్డ్‌ప్రెస్ పెట్టుకున్న రెండు వందల గుర్తుల హద్దులో ఇరవై రెండు సంకేతాలకు మించి పట్టవు. అక్షరాలు, గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక పొడవైన శీర్షిక మధ్యలో తెగిపోతుంది. రెండింటికీ విరుగుడు ఒకటే. ప్రచురించే ముందు పర్మలింక్ (వ్యాసం లింకును నిర్ణయించే) పెట్టె తెరిచి, పానగల్లు ఛాయా సోమేశ్వరం అనే మూడు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యన అడ్డగీతలతో స్వయంగా రాయాలి. బ్లాగర్‌లో ప్రచురించిన తరువాత లింకును మార్చాలంటే వ్యాసాన్ని తిరిగి చిత్తుప్రతిగా మార్చవలసి వస్తుంది కాబట్టి ఈ పని ముందే చేయడం అలవాటు చేసుకోవాలి.

రెండవది వర్గీకరణ. మన ప్రాంతం గురించి రాసేవారికి ఇది ప్రత్యేకంగా చిక్కు తెచ్చిపెట్టే విషయం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోగా, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది. అలంపురం గుడుల మీద రాసిన వ్యాసాన్ని మహబూబ్‌నగర్ కింద పెట్టాలా, గద్వాల కింద పెట్టాలా? వర్డ్‌ప్రెస్‌లో కేటగిరీలకు ఉపకేటగిరీలు ఉంటాయి కనుక, ఉమ్మడి పాలమూరు అనే పెద్ద విభాగం కింద గద్వాలను, దాని కింద అలంపురాన్ని పెట్టుకోవచ్చు. పాఠకుడు ఏ స్థాయిలో వెతికినా దొరుకుతుంది. బ్లాగర్‌లో లేబుళ్లు మాత్రమే ఉంటాయి, వాటిలో పెద్దా చిన్నా అన్న తేడా లేదు. ఒకే వ్యాసానికి మూడు లేబుళ్లు పెట్టుకొని సర్దుకోవాలి. పైగా బ్లాగర్ తన మామూలు అమరికలో లేబుళ్ల పేజీలను గూగుల్ సేకరణకు ఇవ్వదు. అవి చదువుతున్న పాఠకుడికి ఉపయోగపడతాయి గాని, బయటి నుంచి వెతికేవారిని తీసుకురావు.

లేబుళ్లలో రాత తీరు కూడా నిలకడగా ఉండాలి. నల్లగొండ అని కొన్నిసార్లు, నల్గొండ అని కొన్నిసార్లు రాస్తే కంప్యూటరుకు అవి రెండు ఊళ్లు. మహబూబ్‌నగర్ అనే పేరులో పొల్లు విడిగా నిలవడానికి కంటికి కనిపించని ఒక సంకేతం కావాలి. ఒక కీబోర్డు దానిని తనంతట తానే చేరుస్తుంది, ఇంకొకటి చేర్చకుండా నకారాన్ని వత్తుగా మార్చి మహబూబ్నగర్ అని ఇస్తుంది. రెండు నెలల తరువాత చూసుకుంటే ఒకే జిల్లా వ్యాసాలు రెండు లేబుళ్ల కింద చీలిపోయి కనిపిస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో కేటగిరీ పేరును ఒకచోట సవరిస్తే అన్ని వ్యాసాలలోనూ మారుతుంది. బ్లాగర్‌లో అయితే ఆ వ్యాసాలన్నింటినీ ఎంచుకొని కొత్త లేబుల్ పెట్టి, పాతది తొలగించాలి. వందల వ్యాసాలతో ప్రాంతీయ చరిత్ర భాండాగారం కట్టాలనుకునేవారికి ఈ ఒక్క కారణంతోనే వర్డ్‌ప్రెస్‌ను సూచిస్తాను.

శీర్షికల్లో ఊరితో పాటు జిల్లాను కూడా చేర్చడం ఏ వేదికలోనైనా అవసరమే. పిల్లలమర్రి అంటే పాలమూరువారికి సుమారు ఏడు వందల ఏళ్ల మర్రిచెట్టు, సూర్యాపేటవారికి కాకతీయుల కాలపు గుడులున్న ఊరు. పానగల్లు నల్లగొండ పక్కన ఉంది, పాన్‌గల్ వనపర్తి జిల్లాలో ఉంది. వెతికేవారు తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాలలోనూ వెతుకుతారు కాబట్టి, వ్యాసానికి రాసే చిన్న వివరణలో ఊరి పేరును రెండు లిపుల్లోనూ ఒక్కొక్కసారి రాయడం మంచిది. బ్లాగర్‌లో ఈ వివరణ పెట్టె కనిపించాలంటే సెట్టింగ్స్‌లో సెర్చ్ డిస్క్రిప్షన్‌ను ముందుగా ఆన్ చేయాలి.

మూడవది పాత రాతలు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు చాలామంది దగ్గర డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కొట్టించిన వ్యాసాలు ఉంటాయి. ఆ ఫాంట్లు తెలుగు అక్షర భాగాలను ఇంగ్లీషు సంకేతాల మీద కూర్చినవి కనుక, వాటిని నేరుగా బ్లాగులో అతికిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. బ్లాగర్ అయినా వర్డ్‌ప్రెస్ అయినా ఇందులో తేడా లేదు. డీటీపీ సెంటరు వారిని పీడీఎఫ్ కాక పేజ్‌మేకర్ అసలు ఫైలునే అడిగి తీసుకొని, అను నుంచి యూనికోడ్‌కు (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదవగల ప్రామాణిక సంకేతాలకు) మార్చే ఉపకరణంలో వేసి, వచ్చిన ప్రతిని వత్తుల దగ్గర, అంకెల దగ్గర, పేర్ల దగ్గర అక్షరమక్షరం సరిచూసుకోవాలి. శాసన పాఠాలు ఉన్న వ్యాసాలలో ఈ సరిచూపును మరొకరి చేత కూడా చేయించాలని కోరుతున్నాను.

రూపం మార్చుకోవడం

ఇంగ్లీషు కోసం తయారైన థీమ్‌లలో వరుసల మధ్య ఎడం తక్కువగా ఉంటుంది. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక ఆ ఎడంలో ఒక వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. లైన్ హైట్ విలువను 1.7 లేదా 1.8 చేస్తే పేజీ వెంటనే తేటపడుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్‌ను సున్నాగానే ఉంచాలి. రెండు అంచులూ సమంగా వచ్చే జస్టిఫై అమరికను ఫోను తెరకు వాడకపోవడం మంచిది. తెలుగు మాటలు పొడవైనవి కావడం వల్ల వాటి మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వ్యాసానికి మండలి, శీర్షికలకు రామభద్ర అన్న జోడీ నాకు నచ్చుతుంది. రామభద్ర మందమైన రాత కాబట్టి దానితో వ్యాసమంతా పెట్టకూడదు.

ఈ మార్పులు చేయడానికి బ్లాగర్‌లో థీమ్, కస్టమైజ్, అడ్వాన్స్‌డ్ వరుసగా వెళ్లి, యాడ్ సీఎస్‌ఎస్ పెట్టెలో (సీఎస్‌ఎస్ అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడు) నాలుగు వరుసలు రాస్తే చాలు. అంతకన్నా లోతుకు పోవాలంటే థీమ్ మొత్తం కోడును తెరిచి సవరించవచ్చు. తెరవడానికి ముందు బ్యాకప్ ఫైలు దించుకోవడం తప్పనిసరి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్రణాళికలో అదనపు సీఎస్‌ఎస్ రాసుకునే వీలు లేదు, ప్లగిన్లు లేవు, మీ వ్యాసాల మధ్య వారి ప్రకటనలు వస్తాయి, నిల్వ స్థలం 1 జీబీ మాత్రమే. తెలుగు చదవడానికి ఇంపుగా ఉండే పేజీని కట్టుకోవడంలో ఉచితమైన రెండింటిలో బ్లాగరే ఎక్కువ స్వేచ్ఛ ఇస్తున్నదని నేను గట్టిగా చెప్పగలను. సొంత హోస్టింగ్ వర్డ్‌ప్రెస్‌లో దేనికీ హద్దు లేదు.

బయట ఉచితంగా దొరికే బ్లాగర్ టెంప్లేట్‌లను మాత్రం జాగ్రత్తగా చూడాలి. కొన్నింటిలో కింది భాగాన ఉన్న తయారీదారు లింకును తొలగిస్తే పాఠకుడిని వేరే సైటుకు లాక్కుపోయే కోడు దాగి ఉంటుంది. వర్డ్‌ప్రెస్ వైపు, డబ్బు కట్టి కొనవలసిన థీమ్‌ను ఉచితంగా ఇస్తామనే నల్డ్ ప్రతులు ఇంతకన్నా ప్రమాదకరం. వాటితో సైటులోకి దొంగ కోడు చొరబడుతుంది.

రెండు వేదికలలోనూ మొదటి రోజే సమయ మండలాన్ని కోల్‌కతాకు మార్చాలి, లేకపోతే తెల్లవారుజామున పెట్టిన వ్యాసానికి ముందు రోజు తేదీ పడుతుంది. సైటు భాషను తెలుగుగా ఎంచుకుంటే తేదీలు, నెలల పేర్లు తెలుగులో వస్తాయి.

ఫోటోలు, ఫోను

ఫోనుతో తీసిన ఒక ఫోటో నాలుగు ఎంబీల వరకు ఉంటుంది. ఆ లెక్కన 1 జీబీ స్థలం రెండు వందల యాభై ఫోటోలతో నిండిపోతుంది, ఊళ్లలో నెట్ సరిగ్గా అందని పాఠకుడికి పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 నుంచి 1600 పిక్సెళ్లకు తగ్గించి రెండు వందల కేబీల దగ్గర ఉంచితే ఏ వేదికలోనైనా సరిపోతుంది. కంప్యూటరు లేకుండా ఫోనుతోనే రాసేవారికి వర్డ్‌ప్రెస్ ఆప్ బాగా పనిచేస్తుంది, సిగ్నల్ లేనప్పుడు కూడా చిత్తుప్రతిని దాచి ఉంచుతుంది. బ్లాగర్‌ను ఫోను బ్రౌజరులో నడపవచ్చు గాని, థీమ్ మార్పులకు ఒక పూట కంప్యూటరు ముందు కూర్చోక తప్పదు.

సొంత హోస్టింగ్ ఎప్పుడు తగును

సొంత హోస్టింగ్ అంటే ఖర్చుతో పాటు కాపలా కూడా. వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు మూడింటికీ అప్‌డేట్లు వస్తూ ఉంటాయి. వాటిని నెలల తరబడి పట్టించుకోని సైటు దాడులకు లోనవుతుంది. బ్యాకప్ తీయడం మీ పనే. హోస్టింగ్ ధర చూసేటప్పుడు ప్రకటనలోని మొదటి ఏడాది రాయితీ ధరను కాక, రెండవ ఏడాది నుంచి పడే రెన్యువల్ ధరను అడిగి, అది ఏటా కట్టగలమా అని ముందే నిర్ణయించుకోవాలి. డబ్బు కట్టడం ఆగితే సైటు కనబడకుండా పోతుంది, బ్లాగర్‌లో అయితే డొమైన్ గడువు తీరినా వ్యాసాలు మిగిలే ఉంటాయి, సెట్టింగ్స్‌లో ఆ డొమైన్‌ను తీసేస్తే మళ్లీ బ్లాగ్‌స్పాట్ చిరునామాలో తెరుచుకుంటాయి. వయసు పైబడిన రచయితల విషయంలో ఈ తేడాను నేను చాలా తీవ్రంగా తీసుకుంటాను.

అందువల్ల నల్లగొండలో ఒంటరిగా స్థానిక చరిత్ర రాసే విశ్రాంత ఉపాధ్యాయుడికి బ్లాగర్, డాట్ ఇన్ పేరు చాలు. పాలమూరు విశ్వవిద్యాలయంలో చదువుతూ ఈ పనిని నేర్చుకొని ఉపాధి వెతుక్కోవాలనుకునే విద్యార్థికి మాత్రం, ఉద్యోగాలలో అడిగేది వర్డ్‌ప్రెస్ కాబట్టి, ముందు ఉచిత ప్రణాళికలో ఎడిటరు అలవాటు చేసుకొని, ఏడాదిలోగా చిన్న హోస్టింగ్ తీసుకోమని చెబుతాను. గద్వాల చీరల వెనుక ఉన్న పనితనాన్ని చూపుతూ వాటిని అమ్మాలనుకునే నేత కుటుంబానికి, ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకున్నంత కాలం బ్లాగర్ సరిపోతుంది. సైటులోనే చెల్లింపులు తీసుకోవాలంటే సొంత హోస్టింగ్‌లో వూకామర్స్ ప్లగిన్ కావాలి, అప్పుడు రోజువారీగా చూసే మనిషి కూడా కావాలి. ప్రకటనల ఆదాయం ఆశించేవారు తెలుసుకోవలసిందేమంటే, గూగుల్ ప్రకటనల సేవ అయిన యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు వ్యాసాలను అంగీకరిస్తున్నది, బ్లాగర్‌లోనూ సొంత వర్డ్‌ప్రెస్‌లోనూ పెట్టుకోవచ్చు, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్రణాళికలో పెట్టుకోలేరు. ఆ ఆదాయం మీదే ఆశ పెట్టుకొని హోస్టింగ్ తీసుకోవద్దు.

బ్లాగర్ మీద ఒక భయం న్యాయమైనదే. గూగుల్ 2013లో తన రీడర్ సేవను, 2019లో గూగుల్ ప్లస్ సేవను మూసివేసింది. అందుకే నెలకొకసారి సెట్టింగ్స్‌లోని బ్యాకప్ కంటెంట్ నొక్కి వ్యాసాల ఫైలును దించుకోవాలి. ఫోటోల అసలు ప్రతులను కూడా వేరుగా దాచాలి. ఇంట్లోని మరొకరి జీమెయిల్‌ను కూడా నిర్వాహకుడిగా చేర్చితే, మీ ఖాతాకు ఇబ్బంది వచ్చినా బ్లాగు చేజారదు.

తరువాత ఎప్పుడైనా వర్డ్‌ప్రెస్‌కు మారితే, అందులోని దిగుమతి ఉపకరణం బ్లాగర్ ఫైలును చదివి వ్యాసాలను, వ్యాఖ్యలను తెస్తుంది. బొమ్మలు కొత్త చోటికి వచ్చాయో, ఇంకా పాత చోటి నుంచే కనిపిస్తున్నాయో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. బ్లాగర్ లింకులో సంవత్సరం, నెల, వ్యాసం పేరు, చివర డాట్ హెచ్‌టీఎంఎల్ ఉంటాయి. వర్డ్‌ప్రెస్ పర్మలింక్ సెట్టింగ్స్‌లో కస్టమ్ స్ట్రక్చర్ ఎంచుకొని అదే వరుసను అమర్చి, ప్రతి వ్యాసం పేరు పాత లింకులో ఉన్నట్టే ఉందని సరిచూసుకుంటే, సొంత డొమైన్ ఉన్నవారి పాత లింకులు అన్నీ అలాగే తెరుచుకుంటాయి.